వెన్నులో స్టిమ్యులేటర్ ఉంది.. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. కూకట్‌పల్లిలో ఉంటాం. నడుము డిస్క్‌కు రెండుసార్లు ఆపరేషన్ అయినా ఎడమ కాలి నొప్పి తగ్గలేదు. దాంతో 14 నెలల కిందట స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ (సన్నని తీగ ద్వారా వెన్నుపాముకు కరెంటు పంపి నొప్పి తగ్గించే బ్యాటరీ పరికరం) అమర్చారు. కాలి నొప్పి చాలావరకు తగ్గింది. అయితే మూడు నెలలుగా మెడ, రెండు రెక్కల మధ్య వీపు బాగా పట్టేస్తున్నాయి. మాదాపూర్‌లో ఒక కైరోప్రాక్టర్ (వెన్ను, మెడ కీళ్లను చేత్తో నొక్కి, తిప్పి సరిచేసేవారు) ఉన్నారని, రెండు మూడు సిట్టింగుల్లో తగ్గిపోతుందని ఆఫీసులో చెబుతున్నారు. వెళ్లొచ్చా? అక్కడ ముందు మెషీన్‌తో వేడి పెడతారట, ఫర్వాలేదా? ఇంట్లో మసాజ్ గన్ ఉంది, వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మెడ అయినా, వీపు అయినా, నడుము అయినా ఒక్క ఉదుటున తిప్పి, నొక్కి ‘టక్’మనిపించే చికిత్స మీరు చేయించుకోవద్దు. మెషీన్‌తో పెట్టే వేడికైతే అసలు ఒప్పుకోవద్దు. ఈ రెండింటిలో చాలామంది మొదటిదానికే భయపడతారు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం రెండోది. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

మన నగరంలో కైరోప్రాక్టిక్ చేసేవారిలో చాలామంది ఫిజియోథెరపిస్టులే. వాళ్ల గదిలో ఎస్‌డబ్ల్యూడీ, ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, టెన్స్ మెషీన్లు వరసగా ఉంటాయి. కండరాలు వదులు కావడానికి ముందు పది పదిహేను నిమిషాలు ఎస్‌డబ్ల్యూడీ పెట్టి, తర్వాత చేతి పని మొదలుపెట్టడం మామూలే. ఎస్‌డబ్ల్యూడీ అంటే షార్ట్‌వేవ్ డయాథర్మీ. ఇది సాధారణంగా 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టిస్తుంది. మామూలు మనిషికి హాయిగానే ఉంటుంది. మీ ఒంట్లో మాత్రం పొడవైన లోహపు తీగ ఉంది. అది ఆ తరంగాలను యాంటెన్నాలా పట్టుకుని, శక్తినంతా కొనలో ఉన్న ఎలక్ట్రోడ్ల దగ్గర వదిలేస్తుంది. అక్కడికి వెన్నుపాము కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. చర్మానికి గోరువెచ్చగా తగులుతుండగానే లోపలి కణజాలం కాలిపోవచ్చు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. మెదడులో ఇలాంటి తీగలున్న ఇద్దరు పేషెంట్లు డయాథర్మీ తర్వాత చనిపోయారని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసింది. వెన్నుపాము స్టిమ్యులేటర్లతో సహా లీడ్ (కరెంటు తీసుకెళ్లే తీగ) ఉన్న ప్రతి పరికరానికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. రిమోట్‌తో ఆఫ్ చేసుకుంటే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. స్టిమ్యులేటర్ ఆగినా తీగ అక్కడే ఉంటుంది. లీడ్ నడుము పైన ఉంది కదా, మెడకు పెడితే ఏమవుతుందిలే అన్న ధీమా కూడా వద్దు. మెడకే కాదు, మోకాలికి కూడా పెట్టించుకోకూడదు. మైక్రోవేవ్ డయాథర్మీకి, జెల్ రాసి తిప్పే ఫిజియో అల్ట్రాసౌండ్‌కి కూడా ఇదే నిషేధం. కడుపు స్కానింగ్‌కు వాడే అల్ట్రాసౌండ్ వేరు. అది చేయించుకోవచ్చు, ప్రోబ్‌ను నేరుగా బ్యాటరీ మీద పెట్టకుండా చూసుకుంటే చాలు.

టెన్స్, ఐఎఫ్‌టీ కరెంటు ప్యాడ్లతో తీగ కాలిపోయే భయం లేకపోయినా, ఆ కరెంటు స్టిమ్యులేటర్ ఉన్న దారిలో పారితే పరికరం ఆగిపోవచ్చు, లేదా ఒక్కసారిగా ఉద్ధృతంగా కొట్టవచ్చు. వాటినీ వద్దనే చెప్పండి. మెడకు వేడి కావాలంటే గుడ్డ చుట్టిన వేడినీళ్ల బ్యాగు పదిహేను నిమిషాలు పెట్టుకోండి. బ్యాటరీ మీద మాత్రం పెట్టకండి.

ఇక చేతి పని విషయం. మీ ఒంట్లో ఏది ఎక్కడుందో తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది. లీడ్ సుమారు 1.3 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నని తీగ. సూది ద్వారా అమర్చే రకమైతే నడుము పైభాగంలో లోపలికి వెళ్లి, వెన్నుపాము పొర వెనకాల ఉన్న ఖాళీలో పైకి పాకుతుంది. నడుము, కాలి నొప్పికి దాని కొనను సాధారణంగా వీపు భాగంలోని ఎనిమిది నుంచి పదో వెన్నుపూసల (టీ8-టీ10) మధ్య ఉంచుతారు. అంటే రెక్క ఎముకల కింది కొనలకు కాస్త దిగువన. తీగ లోపలికి వెళ్లిన చోట, వెన్ను మీది గట్టి పొరకు ఒక చిన్న యాంకర్‌తో కుట్లు వేసి బిగిస్తారు. దాన్ని కుట్టి పట్టి ఉంచేది ఆ ఒక్క చోటే. అక్కడి నుంచి కొన వరకు దానికి వేరే కుట్టు లేదు. యాంకర్ దగ్గర నుంచి ఇంకోవైపు చర్మం కింద నడిచి, పిరుదు పైభాగంలోనో నడుము పక్కనో ఉన్న బ్యాటరీకి చేరుతుంది.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు వంగొద్దు, మెలిక తిరగొద్దు, చేతులు తల పైకెత్తొద్దు, రెండు మూడు కిలోల కన్నా బరువు ఎత్తొద్దు అని మీకు చెప్పి ఉంటారు. కొందరు డాక్టర్లు 12 వారాలు చెబుతారు. ఆ లోపు తీగ చుట్టూ మచ్చ కణజాలం పెరిగి దాన్ని పట్టుకుంటుంది. మీకు 14 నెలలు దాటాయి కాబట్టి లీడ్ జారే అవకాశం బాగా తగ్గింది. అయితే మచ్చ గట్టిపడ్డాక ఇంకో చిక్కు ఉంది. తీగ కదలకుండా బిగుసుకుంటుంది కాబట్టి, హఠాత్తుగా లాగితే ఒత్తిడంతా యాంకర్ పక్కనున్న ఆ కాస్త చోట పడుతుంది. జారాల్సింది పోయి అక్కడ విరగవచ్చు.

కైరోప్రాక్టర్ బల్ల మీద ఏం జరుగుతుందో చూడండి. రెక్కల మధ్య పట్టేసిందంటే బోర్లా పడుకోబెట్టి, రెండు అరచేతులు వెన్నుకు అటూఇటూ ఆనించి, ఊపిరి వదలగానే ఒక్క నొక్కు నొక్కుతారు. ఆ నొక్కు పడే చోటుకు కాస్త కిందే మీ ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. నడుముకైతే పక్కకు పడుకోబెట్టి, పై కాలు మడిచి, భుజాన్ని ఒకవైపు, పిరుదును ఇంకోవైపు తిప్పుతారు. ఆ భంగిమలో చేసేవారి ముంజేయి గానీ తొడ గానీ ఆనేది సరిగ్గా బ్యాటరీ ఉండే చోటే. నడుము మెలిక తిరిగేది యాంకర్ ఉన్న చోటే. ఈ పరికరానికి ఇంతకన్నా పడని భంగిమ ఇంకొకటి లేదు. గడ్డం కింద పట్టీ వేసి తలను వెనక నుంచి జర్రున లాగే వీడియోలు రీల్స్‌లో చూసే ఉంటారు. లీడ్ ఉన్నవాళ్లు ఆ ఛాయలకే వెళ్లకూడదు. నడుమును సాగదీసే ట్రాక్షన్, డీకంప్రెషన్ బల్లలు కూడా వద్దు. స్ప్రింగ్‌తో టకటకమని కొట్టే చిన్న పరికరం బలం తక్కువే అయినా లీడ్ దారిలో, బ్యాటరీ మీద వాడకూడదు.

లీడ్ కింద ఉంది కాబట్టి మెడ వరకే చేయించుకుంటానంటారా? మీ విషయంలో అదీ వద్దంటాను. మెడను విసురుగా తిప్పినప్పుడు అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వస్తుంది. సెలూన్‌లో తల మసాజ్ చివర మెడ విరిపించుకునే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పైగా మీ వయసులో ఎముకల బలం ఎంతుందో డెక్సా స్కాన్ చేస్తే గానీ తెలియదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే మరీ వద్దు. స్టిమ్యులేటర్ ఉన్నవారికి ఈ పద్ధతి సురక్షితమని రుజువు చేసిన పెద్ద అధ్యయనం కూడా లేదు.

అలాగని మీ మెడ నొప్పిని భరిస్తూ కూర్చోమనడం లేదు. మూడు నెలలుగా ఉందంటే అది ముందు పరీక్ష చేయాల్సిన నొప్పి. బ్లౌజు హుక్కులు పెట్టుకోవడం, కొంగుకు పిన్ను గుచ్చుకోవడం ఈమధ్య కష్టమవుతోందా? నడుస్తుంటే తూలుతున్నారా? చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? వీటిలో ఏదున్నా మెడలో వెన్నుపాము నొక్కుకుంటుందేమో చూడాలి, ఎంఆర్ఐ కావాలి. స్టిమ్యులేటర్ ఉంటే ఎంఆర్ఐ కుదరదనుకుని ఆగిపోకండి. ఇప్పుడు వస్తున్న మోడళ్లలో చాలావాటికి కొన్ని షరతులతో తీయొచ్చు. అయితే కొన్నింటికి ఒళ్లంతా, కొన్నింటికి తల వరకే అనుమతి ఉంటుంది. మీ ఐడీ కార్డు మీద ఉన్న మోడల్ నంబరును స్కాన్ సెంటర్ వాళ్లు కంపెనీతో సరిచూడాలి. స్కాన్‌కు ముందు పరికరాన్ని ఎంఆర్ఐ మోడ్‌లో పెట్టాలి. ఆ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు అది లీడ్ బాగుందో లేదో కూడా చూస్తుంది. తీగ విరిగి ఉంటే అనుమతి ఇవ్వదు.

పైన చెప్పిన లక్షణాలు లేవు, కేవలం కండరాలు పట్టేయడమే అని తేలితే ఫిజియోథెరపీ నిక్షేపంగా చేయించుకోవచ్చు. మెడ, భుజాల కండరాలను చేత్తో మెల్లగా వదులు చేయడం, కీళ్లను కుదుపు లేకుండా నిదానంగా కదిలించడం, వ్యాయామాలు.. ఇవన్నీ మీకు పనికొస్తాయి. నిటారుగా కూర్చుని, గడ్డాన్ని కిందికి వంచకుండా తిన్నగా వెనక్కి లాక్కుని 5 సెకన్లు ఆపండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలా. తర్వాత చేతులు కిందే ఉంచి రెక్కలను వెనక్కి దగ్గరికి లాగి మళ్లీ 5 సెకన్లు, అదీ పదిసార్లు. ల్యాప్‌టాప్ పై అంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా కింద ఏదైనా పెట్టి, కీబోర్డు విడిగా వాడండి. మీరు చెప్పిన చోట పట్టేయడానికి చాలాసార్లు ఈ కూర్చునే తీరే కారణం. దాన్ని మార్చకుండా ఎవరి దగ్గర ఎన్ని సిట్టింగులు చేయించుకున్నా నొప్పి మళ్లీ వస్తుంది.

ఫిజియోథెరపీకి వెళ్లే ముందు స్టిమ్యులేటర్ అమర్చిన డాక్టర్‌తో మాట్లాడి ఒక చీటీ రాయించుకోండి. లీడ్ కొన ఏ పూస దగ్గరుంది, బ్యాటరీ ఏ వైపుంది, ఏవి చేయకూడదు అన్నవి అందులో ఉండాలి. ‘నాకు లోపల మెషీన్ ఉంది’ అని నోటితో చెబితే చాలామంది గుండె పేస్‌మేకర్ అనుకుని ఛాతీ వైపు మాత్రమే జాగ్రత్త పడతారు. ఆ చీటీ, ఐడీ కార్డు, అమర్చిన రోజు తీసిన ఎక్స్‌రే కాపీ వెంట ఉంచుకోండి. కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలో పుట్టింది. అక్కడ డిగ్రీ, లైసెన్సు ఉన్నవారే చేయాలి. మన దేశంలో దానికంటూ ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి బోర్డు చూసి కాకుండా, చేసే మనిషి ఏం చదివారో అడిగి తెలుసుకోండి. బల్ల ఎక్కే ముందు రిమోట్‌తో స్టిమ్యులేషన్ తగ్గించుకోండి లేదా ఆపేయండి. వెల్లకిలా పడుకుంటే వెన్నుపాము లీడ్‌కు దగ్గరవుతుంది కాబట్టి జివ్వుమని గట్టిగా కొట్టి ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఇప్పటికే ఎక్కడైనా వీపు నొక్కించుకుని ఉంటే ఈ గుర్తులు చూసుకోండి. కాలికి అందే జలదరింపు పక్కటెముకలకో, పొట్టకో, రెండో కాలికో మారడం. ఒక భంగిమలో షాక్ కొట్టి ఇంకో భంగిమలో ఏమీ తెలియకపోవడం. ఉన్నట్టుండి పాత కాలి నొప్పి తిరిగి రావడం. జలదరింపే తెలియని హై ఫ్రీక్వెన్సీ ప్రోగ్రాం మీదైతే మొదటి రెండు గుర్తులు కనిపించవు. ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పి తిరిగి వచ్చినప్పుడే అనుమానం వస్తుంది. అప్పుడు ఎదురుగా, పక్క నుంచి రెండు ఎక్స్‌రేలు తీసి పాతవాటితో పోల్చాలి. కంపెనీ ఇంజినీర్‌తో ఇంపిడెన్స్ (తీగలో కరెంటుకు ఎదురయ్యే అడ్డు) చూపించాలి. ఆ అంకె ఒక్కసారిగా వేల ఓమ్‌లు పెరిగిపోతే తీగ విరిగి ఉండొచ్చు. కొద్దిగా జారితే ప్రోగ్రాం మార్చి పక్క ఎలక్ట్రోడ్‌తో పని నడిపించవచ్చు. ఒక పూస ఎత్తు జారినా, విరిగినా చాలాసార్లు మళ్లీ ఆపరేషనే.

కాళ్లలో కొత్తగా బలహీనత, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, నొక్కించుకున్న తర్వాత ఎప్పుడూ లేనంత వీపు నొప్పి.. వీటిలో ఏదొచ్చినా ఎక్స్‌రే కోసం తెల్లారేదాకా ఆగకండి. న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. సొంత బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. మెడ తిప్పించుకున్నాక తల తిరగడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం జరిగినా అంతే.

మసాజ్ గన్ సంగతి: కాలి పిక్కలకు, ముంజేతులకు, భుజం కండ మీద తక్కువ స్పీడులో వాడుకోవచ్చు. మెడ ముందు భాగం మీద, వెన్ను మధ్య గీత వెంట, నడుము మీద, బ్యాటరీ మీద వద్దు. బ్యాటరీ చుట్టూ గట్టిగా నొక్కినా, కుదిపినా అది చర్మం కింద తిరగబడవచ్చు. ఛార్జర్ పెట్టినప్పుడు రోజూ దొరికే సిగ్నల్ దొరకకపోతే అదే కారణమేమో చూపించుకోవాలి. మాల్స్‌లో ఉండే రోలర్ల మసాజ్ కుర్చీలకూ ఇదే కారణంతో దూరంగా ఉండండి. బ్యాటరీ ఉన్న చోట, తీగ నడిచిన దారిలో కప్పింగ్, హిజామా (గాటు పెట్టి రక్తం తీసే కప్పింగ్), డ్రై నీడ్లింగ్ (కండరాల్లో సూదులు గుచ్చడం) కూడా వద్దు. చర్మానికి పడే చిన్న గాటు నుంచి ఇన్‌ఫెక్షన్ లోపలికి చేరితే చాలాసార్లు మొత్తం పరికరాన్నే తీసేయాల్సి వస్తుంది.