రాత్రిపూట సముద్రంలో ఇంజిన్ ఆగిపోతే, లైఫ్‌బోట్ వచ్చేలోగా పడవలోనివారు ఏం చేయాలి?

ఆగిపోయిన పడవను లైఫ్‌బోట్ (ఆపదలో ఉన్నవారిని కాపాడటానికి ఒడ్డు నుంచి వచ్చే పడవ) రాత్రిపూట ఎలా కాపాడుతుంది, అది చేరేలోగా పడవలోనివారు చేయవలసినది ఏమైనా ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది, ఆ కాసేపట్లో మనం చేసే పనుల మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం బ్రిటన్ తీరంలో మిత్రుడి మోటారు పడవలో నలుగురం తిరిగి వస్తుండగా, చీకటిపడ్డాక, పీతల బోనుకు కట్టిన తాడొకటి ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఇంజిన్ ఆగిపోయింది. గాలి మమ్మల్ని రాళ్ళవైపు నెడుతోంది. మిత్రుడు ఇంజిన్ జోలికి పోకుండా ముందు లంగరు వేశాడు. అది పట్టు దొరకబుచ్చుకున్నాక పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్‌లో, సాయం అత్యవసరమే కాని ప్రాణాపాయం ఇంకా లేదని తెలిపే "పాన్-పాన్" అనే పిలుపును మూడుసార్లు పలికి, పడవ పేరు, మేమున్న చోటు, మనుషుల సంఖ్య, జరిగిన సంగతి చెప్పాడు. లంగరు జారి ప్రాణాపాయం ముంచుకొచ్చి ఉంటే "మేడే" అని పిలవవలసి వచ్చేది.

కోస్ట్‌గార్డ్ కోరగా ఆర్‌ఎన్‌ఎల్‌ఐ (రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్) లైఫ్‌బోట్ బయలుదేరింది. 1824లో ఏర్పడి, ప్రధానంగా విరాళాలతో నడిచే సంస్థ అది. పేజర్ మోగగానే నిద్ర మానుకుని పరుగెత్తుకొచ్చిన స్వచ్ఛంద సేవకులు మా దగ్గరకు రాగానే అడిగిన మొదటి మాట పడవ గురించి కాదు, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని.

మా పడవను తాడుతో లాక్కెళ్ళడానికి వారిలో ఒకతను మా పడవలోకి దిగి, ఆ తాడు కట్టబోయే ఇనుప కొయ్యను రెండు చేతులా పట్టి బలంగా కుదిపి చూశాడు. దానిమీద నమ్మకం కుదరక, బరువు రెండు కొయ్యల మీద పడేలా తాడును పాయలుగా కట్టి, అంచుకు ఒరుసుకునే చోట మందపాటి గుడ్డ చుట్టాడు. తాడు బిగిసిన తర్వాతే లంగరు ఎత్తనిచ్చాడు. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది కనుక మమ్మల్నందరినీ దాని దారిలోనుంచి తప్పించి వెనుకవైపు కూర్చోబెట్టాడు. ఈ జాగ్రత్త నాకు అంతకుముందు తెలియదు. రెండు పడవలూ ఒకేసారి అల ఎక్కి ఒకేసారి దిగేలా తాడు పొడవు సరిచేస్తూ, నిదానంగా రేవు చేర్చారు.

మేము ఒడ్డున వణుకుతూ నిలబడి ఉండగానే వారు లైఫ్‌బోట్‌ను మంచినీటితో కడిగి, ఇంధనం నింపి, మరో పిలుపుకు సిద్ధం చేసి, ఆ తర్వాతే ఇళ్ళకు వెళ్ళారు.