మెలనిన్, మెలనోమా, మెలీనా... అన్నిట్లో ఈ ‘మెల’ ఏంటి?

వరంగల్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది. దాదాపు అన్నీ గ్రీకు ‘మెలాస్’ నుంచే వచ్చాయి, అంటే నలుపు.

చర్మానికి, జుట్టుకు రంగిచ్చేది మెలనిన్, దాన్ని తయారుచేసే కణం మెలనోసైట్, ఆ కణాలకు వచ్చే క్యాన్సర్ మెలనోమా, మొహం మీద మంగు మచ్చలు మెలాస్మా. ఇవి తేలికే.

గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది మెలీనా. పొట్టలోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారితే అది లోపలే మార్పు చెంది, విరేచనం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా రంగు నల్లబడుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు; ఏమాత్రం అనుమానం ఉన్నా ఇంట్లో కూర్చుని తేల్చుకోకుండా ఎంజీఎంకో, దగ్గర్లోని వేరే ఆసుపత్రికో వెంటనే వెళ్లాలి.

నిద్ర హార్మోన్ మెలటోనిన్ కథ వేరు. 1958లో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథి నుంచి దాన్ని వేరుచేసింది. కప్ప చర్మంలో మెలనిన్ రేణువులు దగ్గరికి చేరిపోయి రంగు తేలిపోయేలా చేస్తుందది. పేరులో నలుపు, పని మాత్రం తెల్లబరచడం! (మన చర్మం మీద ఆ పప్పులు ఉడకవు, ఆశపడకండి.)

ఒక్కచోట మాత్రం బోల్తా పడొద్దు. ఏటూరునాగారం అడవుల్లో తిరిగే ఎలుగుబంటి శాస్త్రీయ నామం మెలర్సస్ అర్సైనస్. ఒళ్లంతా నల్లగా ఉన్నా అందులోది లాటిన్ ‘మెల్’, అంటే తేనె.