ఊ కొట్టే మనుషులు కావాలి

ప్రశ్న: నా వయసు 61. ఆయన పోయాక తెనాలి ఇల్లు అద్దెకిచ్చి, హైదరాబాదులో నిజాంపేటలోని అబ్బాయి ఫ్లాటుకు వచ్చి రెండేళ్లయింది. సాయంత్రాలు అపార్టుమెంటు కింద పదిమందిమి కూర్చుంటాం. మనవల మార్కులు, అమెరికా కబుర్లే. ఒకసారి ఆయన మాట ఎత్తితే, "ఊరుకోండి వదినగారూ, అందరికీ ఉండేవేగా" అన్నారు. పైకి వచ్చాక మరింత ఒంటరిగా అనిపించింది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ మాట అన్నావిడ మీ మేలు కోరే అని ఉంటారు. ఎదుటివారు కన్నీరు పెట్టుకుంటే చూడలేక మనమందరం తొందరపడి ఓదారుస్తాం, దాంతో వారు చెప్పదలచుకున్నది గొంతులోనే ఆగిపోతుంది. కథ చెప్పే బామ్మ కూడా పిల్లలు ఊ కొడితేనే చెప్పేది కదా. మీకు కావలసిందీ ఆ 'ఊ'యే.

1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు పేద క్షయరోగులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టి ఆరోగ్య నియమాలు చెప్పేవారు. ఆ నియమాలతోపాటు, తమలాంటివారు పక్కనే ఉన్నారన్న ధైర్యం కూడా వారికి మేలు చేసింది.

కష్టసుఖాలు చెప్పుకునేందుకు నేను నడిపిన ఒక బృందంలో ఒక రిటైరైన ఉద్యోగి మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం, చనిపోయిన తన భార్య ఫోనుకు ఇప్పటికీ నెలనెలా రీచార్జి చేయిస్తున్నానని మాత్రం చెప్పి తల వంచుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, పక్కాయన ఆయన భుజం మీద చెయ్యి వేశారు, అందరి గ్లాసుల్లో టీ చల్లారిపోయింది. మరుసటి వారం అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేసింది ఆయనే.

ఆ పదిమందిలో, అందరూ లేచి వెళ్లినా ఇంకాసేపు కూర్చునేవారు ఒకరిద్దరు ఉంటారు, మనసులో మాట చెప్పుకునే చిన్న కూడిక పెట్టుకుందామా అని వారిని విడిగా అడగండి. ఎనిమిది మందికి మించకుండా, వారానికొక రోజు, ఒకే వేళకు, దారిన పోయేవారి చెవిన పడని గదిలో కూర్చోండి. అడగనిదే సలహా ఇవ్వకూడదనీ, అక్కడ విన్నది గడప దాటకూడదనీ మొదటి రోజే అనుకోండి. కోడళ్ల మాట, కొడుకుల మాట వచ్చే చోట ఈ రెండో కట్టుబాటు తప్పితే ఆ కూడిక అక్కడితో సరి. మాట్లాడకుండా కూర్చునేవారిని బలవంతపెట్టవద్దు. మొదట మీరే ఏదైనా చిన్న సంగతి, ఆ తెనాలి ఇంటి గురించైనా సరే, చెప్పండి.

నిద్ర పట్టక, బతకాలనిపించక రోజులు గడుస్తుంటే మాత్రం ఈ కూడిక కోసం ఆగకుండా అబ్బాయితో చెప్పి మానసిక వైద్యులను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.