మీగడ రంగా, లేత పిస్తానా? పడమటి గదికి నా ఓటు పిస్తాకే

నెల్లూరులో పడమటి కిటికీ ఉన్న పడగ్గదికి ఈ రెండిట్లో ఏది వేయించాలని అడిగారు. సరిగ్గా ఇదే తగువు రెండేళ్ల కింద ఒంగోల్లో మా ఇంట్లోనూ నడిచింది. మా ఆవిడ మీగడ అంది, నేను పిస్తా అన్నా.

షేడ్ కార్డు చూసి మాత్రం తేల్చుకోబాకండి. అగ్గిపెట్టంత ముక్కలో లేతగా కనపడేది నాలుగు గోడలకీ ఎక్కాక చిక్కబడుతుంది, ఒక గోడ రంగు ఎదురు గోడ మీద పడుతుంది గదా. హాల్లో ఆ దెబ్బ ముందే తిన్నాం. కార్డులో గంధం అనుకున్నది గోడకెక్కేసరికి ఆవపిండి అయి కూర్చుంది.

అందుకే ఈసారి రెండు రంగులూ చిన్న డబ్బాలు తెచ్చి, ఫ్యాను వచ్చిన అట్టపెట్టె కోసి, ప్రైమర్ కొట్టి, రెండేసి కోటింగులు వేశా. గోడ మీదే వేసి చూస్తే పక్కనున్న పాత నీలం కంటిని మోసం చేస్తుంది. అట్టలైతే కిటికీ పక్కనా, బీరువా మూలనా మార్చి మార్చి ఆనించుకోవచ్చు.

పొద్దున మీగడే బాగుంది, ఒప్పుకోవాల్సిందే. సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా లోపలికొచ్చేసరికి దాని మీద పసుపు నీళ్లు చల్లినట్టయింది. రోహిణి కార్తెలో ఆ రంగు చూస్తేనే ఉక్కపోస్తుంది. పిస్తా అదే ఎండకి అప్పుడే విచ్చుకున్న అరటాకులా తేరింది.

రాత్రి లైటేస్తే పిస్తా కథ తిరగబడింది. మాది 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ట్యూబు. మా అమ్మ గుమ్మంలోనే ఆగి, "ఏందిరా, ఆస్పత్రి వార్డులాగుంది" అనేసింది. రంగు మార్చలా, ట్యూబు తీసి 4000 బల్బులు పెట్టాం. ఆ అంకె పెట్టె మీద ఉంటుంది, తగ్గేకొద్దీ వెలుతురు పసుపుకి తిరుగుతుంది.

మీ నేల ఏ రంగో రాయలేదు. మాది చీమకుర్తి నల్ల గ్రానైటు, వెలుతురంతా తాగేస్తుంది. అందుకని పిస్తాలోనూ ఒక మెట్టు లేతదే తీసుకున్నాం. తెల్ల టైల్స్ అయితే అంత తగ్గనక్కర్లేదు.

గదికి కావాల్సిన రంగంతా షాపు మిషన్లో ఒకేసారి కలిపించండి. మాకు తలుపు వెనక రవ్వంత తక్కువపడి మళ్లీ కలిపిస్తే తేడా వచ్చింది. చుట్టాలుంటే ఆ తలుపు వెయ్యనివ్వదు మా ఆవిడ.