సమాధానం: అన్నం పొట్లాలు మూడు, పడుకోడానికి చోటు లేదు

అన్నా, నెల్లూరు ఆత్మకూరు బస్టాండ్ దగ్గర రోడ్డు మీద పడుకునేవాళ్లకి మూడు సంస్థలు ఒకే రాత్రి అన్నం పంచుతున్నా ఒక్కరికీ నీడ దొరకడం లేదని రాశారు కదా, ముందు మూడు సంస్థలూ కలిసి ఒకే నోట్‌బుక్ పెట్టుకోండి. పేరు, వయసు, రోడ్డు మీదికి ఎందుకొచ్చారు, మీలో ఎవరు వాళ్ల సంగతి చూస్తున్నారు, అంతే, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. మాకు కలిసిన ఒక పెద్దాయన ఆధార్ జిరాక్స్‌ని పాలకవర్లో చుట్టి బొడ్లో దోపుకుని తిరిగేవాడు, వచ్చినవాళ్లంతా అవే ప్రశ్నలు అడిగేసరికి నాలుగోసారి నోరే విప్పలేదు.

షెల్టర్ కోసం మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ), కార్పొరేషన్ వాళ్ల దగ్గరికి విడివిడిగా కాదు, కలిసే వెళ్లండి. లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టర్ ఉండాలని పట్టణ పేదల కోసం కేంద్రం నడిపిన పథకం మార్గదర్శకాల్లోనే రాశారు. పిల్లలు గెంటేసిన పెద్దవాళ్లయితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకి చేసిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర పోషణ కోసం అర్జీ కూడా పెట్టొచ్చు. మానసిక జబ్బుతో తిరిగేవాళ్లని ప్రభుత్వాసుపత్రికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకే ఇచ్చింది, వాళ్లు రక్షణలోకి తీసుకున్నాక గడువు 24 గంటలు, స్టేషన్‌లో ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇంకోటి, పెద్దాసుపత్రిలో దిక్కులేని పేషెంట్‌ని డిశ్చార్జ్ చేసే ముందే మీకు కబురందేలా వార్డులో మాట్లాడి పెట్టుకోండి.