డ్రోన్‌కి గాలిమర తగిలిస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. పొలాల సర్వే కోసం చేసుకున్న రెక్కల డ్రోన్ నలభై నిమిషాలకే దిగిపోతోంది, ముక్కు దగ్గర చిన్న గాలిమర పెట్టి గాల్లోనే ఛార్జ్ చేసుకోవచ్చా అనేది ఒకటి. గాలి బాగా వీచే అనంతపురం వైపు ఎగరేస్తే ఏమైనా కలిసొస్తుందా అనేది రెండోది. నేను కొన్నేళ్లుగా ఆర్డూపైలట్ (విమానాన్ని తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్) బోర్డు పెట్టిన రెండు మీటర్ల ఫోమ్ గ్లైడర్ ఎగరేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

గాలిమర వల్ల లాభం లేదు. సైకిల్‌కి డైనమో ఆనించగానే లైటు వెలుగుతుంది, తొక్కడం మాత్రం బరువవుతుంది. ఇక్కడా అంతే. డ్రోన్ ముందుకు పోతోంది కాబట్టే గాలిమర తిరుగుతుంది, ముందుకు తోస్తున్నది మీ బ్యాటరీయే. గాలిమర నుంచి ఒక వాట్ రావాలంటే మోటార్ అంతకంటే ఎక్కువే పెట్టాలి. పైగా దాని బరువు ఒకటి.

ఇక అనంతపురం గాలి. అక్కడి గుట్టల మీద గాలిమరల నుంచి కరెంటు వస్తోంది కదా, మనకెందుకు రాదు అనిపించడం సహజం. ఆ స్తంభం నేలలో పాతి ఉంది, గాలిని ఎదిరించి నిలబడుతుంది. గాల్లో ఉన్న విమానానికి అలాంటి పట్టు లేదు, గాలితో పాటే కొట్టుకుపోతుంది. అందుకే అడ్డంగా ఒకే తీరున వీచే గాలి నుంచి, అది ఎంత జోరుగా ఉన్నా, విమానానికి వచ్చే శక్తి సున్నా. రానుపోను లెక్క చూస్తే నష్టమే. మీ డ్రోన్ సెకనుకు 15 మీటర్ల వేగంతో 3 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాలనుకోండి. గాలి లేకపోతే 400 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి ఉంటే పోవడానికి 300, రావడానికి 150, మొత్తం 450 సెకన్లు. అంటే ఎనిమిదో వంతు బ్యాటరీ అదనంగా పోయింది.

మరి గద్ద రెక్క ఆడించకుండా అంతసేపు ఎలా తిరుగుతుంది? దీనికి జవాబు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1883లోనే నేచర్ పత్రికలో తేల్చి చెప్పాడు. రెక్క ఆడించని పక్షి ఎత్తు కోల్పోకుండా తిరుగుతోందంటే, గాలి పైకి లేస్తూ ఉండాలి, లేదా ఒక్కోచోట ఒక్కో వేగంతో వీస్తూ ఉండాలి. మూడో దారి లేదు. కాబట్టి గాలి ఎంత బలంగా ఉందని కాదు, ఎక్కడ లేస్తోంది, ఎక్కడ మారుతోంది అని చూడాలి.

వేగంలో తేడాను వాడుకోవడంలో ఆల్బట్రాస్ అనే సముద్రపక్షిని మించింది లేదు. సముద్రం నీటికి ఆనుకుని గాలి నెమ్మదిగా, కొంచెం పైన జోరుగా వీస్తుంది. ఆ రెండు పొరల మధ్య పైకీ కిందికీ తిరుగుతూ అది వేల కిలోమీటర్లు పోతుంది. అమెరికాలో కొండ శిఖరాల వెనక రేడియో గ్లైడర్లతో ఇదే పని చేస్తారు, 2021లో స్పెన్సర్ లిసెన్‌బీ మోటార్ లేని గ్లైడర్‌ని గంటకు 880 కిలోమీటర్లు దాటించాడు. చూడ్డానికి బాగుంటుంది కానీ సర్వే డ్రోన్‌తో చేసే పని కాదు. కొండ వాలుకు గాలి కొట్టి పైకి లేచే చోట నిలబడటం దానికంటే సులువు. కాకపోతే కొండ ఉండాలి, గాలి దానికి ఎదురుగా కొట్టాలి. అవతలి వైపు మాత్రం వెళ్లకండి, అక్కడ గాలి కిందికి తొక్కేస్తుంది.

మన మైదానాల్లో నిజంగా దొరికేది థర్మల్, అంటే ఎండకు వేడెక్కి పైకి లేచే గాలి. ఎండకు నేల ఒక్కోచోట ఒక్కోలా వేడెక్కుతుంది. దున్ని వదిలేసిన ఎర్రనేల, రాతి గుట్టలు, కంకర రోడ్లు త్వరగా కాలుతాయి, వాటి మీది గాలి పైకి లేస్తుంది. చెరువు మీద, నీళ్లు పెట్టిన వరి మడి మీద గాలి దిగుతూ ఉంటుంది. మా దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా, పొద్దున పదిన్నర దాటాక మొదలవుతాయి. గద్దలు ఒకచోట చేరి గిరికీలు కొడుతుంటే ఇంకే పరికరం అక్కర్లేదు, గ్లైడర్‌ని అక్కడికి పంపడమే. దుమ్ము సుడిగాలి లేచిందంటే అక్కడ బలమైన థర్మల్ ఉన్నట్టే, కానీ తక్కువ ఎత్తులో దాని జోలికి పోవద్దు, రెక్క తిరగబడుతుంది.

దీన్ని కంప్యూటర్‌కి నేర్పడం కొత్తేమీ కాదు. 2005లో నాసాలో మైఖేల్ అలెన్ బృందం 4 మీటర్లకు పైగా రెక్కలున్న గ్లైడర్‌తో ప్రయత్నించింది. అది తనంతట తానే 23 చోట్ల లేచే గాలిని పట్టుకుని సగటున 172 మీటర్లు, ఒకచోటైతే 844 మీటర్లు ఎక్కింది. తర్వాత అమెరికా నేవీ పరిశోధనశాలకు చెందిన డాన్ ఎడ్వర్డ్స్ గ్లైడర్ కాలిఫోర్నియాలోని మాంటెగ్యూలో మనుషులు రిమోట్‌తో నడిపే గ్లైడర్లతో పోటీపడి మూడో స్థానం తెచ్చుకుంది. 2018లో గౌతమ్ రెడ్డి బృందం నేచర్‌లో రాసింది నాకు మరీ ఇష్టం. గ్లైడర్ దానంతటదే ఎగిరి ఎగిరి నేర్చుకుంది, నేర్చుకోవడానికి పనికొచ్చిన సూచనలు రెండే. గాలి లేపే జోరు పెరుగుతోందా, ఏ వైపు రెక్కను ఎక్కువ నెడుతోంది. ఏ రెక్క లేస్తే ఆ వైపుకే తిప్పమని పాత గ్లైడర్ పైలట్లు చెప్పే మాట ఇదే.

మనలాంటివాళ్లకు అందుబాటులో ఉన్నది ఆర్డూపైలట్‌లోని సోరింగ్, అంటే లేచే గాలిని పట్టుకుని మోటార్ లేకుండా తిరిగే పద్ధతి. శామ్యూల్ టేబర్, ఇయాన్ గిలియార్డ్, ఆండ్రే కొలొబోవ్ 2018లో వివరించిన ఆర్డూసోర్ దీనికి మూలం. గాలి లేస్తోందని తెలియగానే మోటార్ ఆపి, థర్మల్ బలం, వెడల్పు, కేంద్రం ఎటు ఎంత దూరం అనే నాలుగు అంకెలను అంచనా వేసుకుంటూ దాని చుట్టూ తిరుగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) లాగితే కూడా విమానం పైకి పోతుంది, కానీ వేగం పోగొట్టుకుని. అది లాభం కాదు. అందుకే ఎత్తునీ వేగాన్నీ కలిపి మొత్తం శక్తి పెరుగుతోందా అని చూడాలి, దానికి పిటోట్ గొట్టంతో (ఎదురుగా తగిలే గాలి ఒత్తిడిని పట్టే గొట్టం) పనిచేసే ఎయిర్‌స్పీడ్ సెన్సర్ కావాలి. బోర్డు మీద ఎత్తు చెప్పే బారోమీటర్‌కి చిన్న స్పాంజి ముక్క కప్పండి. లోపలికి దూరే గాలి, నేరుగా పడే ఎండ రెండూ దాన్ని తికమక పెడతాయి, లేని థర్మల్ చుట్టూ విమానం పిచ్చిగా తిరుగుతుంది.

అన్నిటికంటే తేడా చూపించేది ప్రొపెల్లర్. మామూలు ప్రొపెల్లర్ మోటార్ ఆగాక ఎదురుగాలికి తిరుగుతూనే ఉంటుంది, మంచి బ్రేకులా పనిచేస్తుంది. మీరు పెడదామనుకున్న గాలిమర చేసే పని సరిగ్గా ఇదే. ముడుచుకునే ప్రొపెల్లర్ వేసి, ఈఎస్సీలో (మోటార్ వేగాన్ని అదుపు చేసే భాగం) బ్రేక్ ఆన్ చేయండి. మోటార్ ఆగగానే రెండు బ్లేడ్లూ ముక్కుకి అతుక్కుపోయి కనబడాలి.

ఎంత మిగులుతుంది? మా గ్లైడర్ మోటార్ ఆపితే సెకనుకు సుమారు 0.6 మీటర్లు దిగుతుంది. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో మనకున్న పైహద్దు 120 మీటర్లు, ఎయిర్‌పోర్ట్ దగ్గరైతే ఇంకా తక్కువ. 50 మీటర్ల దగ్గర థర్మల్ దొరికి, సెకనుకు ఒక మీటర్ చొప్పున 120కి చేరితే 70 సెకన్లు పడుతుంది. మళ్లీ 50కి దిగడానికి ఇంకో రెండు నిమిషాలు. అంటే ఒక్కో థర్మల్‌కి మూడు నిమిషాలు మోటార్ ఖర్చు లేదు. నాసా వాళ్లలా 844 మీటర్లు ఎక్కనిస్తే ఇరవై నిమిషాలకు పైనే వచ్చేది! పైగా ఇంత కింద థర్మల్ సన్నగా ఉంటుంది. సెకనుకు 9 మీటర్ల వేగంతో 30 డిగ్రీలు వాల్చి తిరిగితే 14 మీటర్ల వ్యాసార్థం వస్తుంది, అందులో సగం వృత్తం బయటే పోతుంది. అయినా మంచి రోజున మోటార్ ఆపి అరగంటకు పైగా తిరిగిన సందర్భాలున్నాయి. గరిష్ఠ ఎత్తు సెట్టింగ్ 120 దాటకుండా పెట్టుకోండి. థర్మల్ గాలివాటున జరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత దూరం జరగనివ్వాలో ఆ హద్దు కూడా పెట్టండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అంతా ఎదురుగాలే, టెన్షన్ మామూలుగా ఉండదు.

మీ పనికి మాత్రం ఇది పెద్దగా పనికిరాదనే నా అభిప్రాయం. సర్వేలో ఒకే ఎత్తున గీత గీసినట్టు పోవాలి, మధ్యలో గిరికీలు కొడితే ఫొటోలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకే ప్రాంతం మీద గంటల తరబడి తిరుగుతూ కనిపెట్టుకుని ఉండే పనులకు, అంటే అడవిలో మంటలు చూడటం, రేడియో రిలే లాంటివాటికి, సోరింగ్ బాగా సరిపోతుంది. మీరు పొద్దున్నే గాలి లేవకముందు ఎగరేయండి, తప్పకపోతే గీతలు గాలికి అడ్డంగా వచ్చేలా మిషన్ (డ్రోన్ పోవాల్సిన దారి) వేసుకోండి.

అయినా ప్రయత్నిద్దాం అనుకుంటే ఒక పరీక్ష చేయండి. గాలి లేని ఉదయం వంద మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి మోటార్ ఆపి, మూడు వేర్వేరు వేగాల దగ్గర సెకనుకు ఎంత దిగుతోందో లాగ్‌లో చూడండి. సోరింగ్ సెట్టింగ్స్‌లో ఇవ్వాల్సిన పోలార్ అంకెలు (ఏ వేగం దగ్గర ఎంత దిగుతుందో చెప్పేవి) కూడా వీటి నుంచే వస్తాయి. మీకు వచ్చిన అతి తక్కువ అంకె సెకనుకు ఒక మీటర్‌కి మించి ఉంటే థర్మల్స్ సంగతి వదిలేసి, ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోండి.