నేవీ అంటే ఓడలు కదా, విమానాలేంటి సార్?

ప్రశ్న: మా బాబు దేవరకొండలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్. నేవీలో కమొడోర్‌గా రిటైరైన ఒకాయన వాళ్ల కాలేజీకి వచ్చి మాట్లాడారట. హెలికాప్టర్లు నడిపారట, తర్వాత ఒక ఓడకే పెద్దగా చేశారట. అప్పట్నుంచి వీడు నేనూ అదే అవుతా అంటున్నాడు. వాళ్ల నాన్న ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. ఇంకో టెన్షన్, మా ఫ్లోరైడ్ నీళ్లకు వాడి పళ్ల మీద మచ్చలున్నాయి. దారి చెప్పండి.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, నేవీకి సొంత విమానాలు, సొంత పైలట్లు ఉన్నారు. 1953లోనే కొచ్చిలో ఐఎన్‌ఎస్ గరుడ పేరుతో ఎయిర్ స్టేషన్ మొదలుపెట్టారు. విశాఖలో ఉన్నదాని పేరు ఐఎన్‌ఎస్ డేగ, మన డేగే. 1961లో విమానాలు మోసే అప్పటి ఓడ విక్రాంత్ డెక్ మీద మొదటి జెట్ దించిన తహిలియానీ గారు 1984లో నేవీ చీఫ్ అయ్యారు. 71 యుద్ధంలో వీరచక్ర పొందిన పైలట్ అరుణ్ ప్రకాశ్ గారు తర్వాత విరాట్ నౌకను నడిపించి, 2004లో చీఫ్ అయ్యారు. అంటే మీవాడు విన్నది నిజమే, విమానం నడిపినవాళ్లకూ ఓడను అప్పజెబుతారు, అందుకే పర్మినెంట్ కమిషన్‌లో, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగంలో, చేరినవాళ్లు ముందు కొన్నాళ్లు ఓడ మీద పని నేర్చుకుని, ఆ తర్వాతే విమానం ఎక్కుతారు. ఆ ఎక్కడం కూడా ఎక్కడో కాదు, హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే.

పని మాత్రం చాలా కష్టం, అది దాచను. ఇప్పటి విక్రాంత్ పొడవు 262 మీటర్లు. మామూలు రన్‌వే రెండు మూడు కిలోమీటర్లుంటుంది. ఫైటర్ దిగేటప్పుడు తోక కింది కొక్కెం డెక్ మీది తీగకు తగులుకోవాలి, చక్రాలు తాకగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు, ఎందుకంటే తీగ తప్పితే మళ్లీ గాల్లోకి లేవాలి కదా. హెలికాప్టర్ వాళ్లకైతే రాత్రిపూట ఊగే చిన్న ఓడ మీద దిగడం ఉంటుంది.

ఇంటర్‌తోనే వెళ్లే దారులు రెండున్నాయి. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష ఏడాదికి రెండుసార్లు, గెలిస్తే మూడేళ్లు పుణె దగ్గర ఖడక్‌వాస్లా, ఒక ఏడాది కేరళలోని ఎళిమల. రెండోది నాన్నగారికి నచ్చేది: జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఇంటర్ ఎంపీసీలో 70 శాతం ఉంటే, ఎళిమలలోనే నాలుగేళ్ల బీటెక్, ఖర్చంతా ప్రభుత్వానిదే. రెండింటికీ ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ తప్పదు, మనపిల్లలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే, ఇంగ్లిష్‌లో నోరు తెరవడానికి భయపడి. రోజూ ఇంట్లో పేపర్ పైకి చదవమనండి, మీకు అర్థం కాకపోయినా పక్కన కూర్చుని వినండి. పైలట్‌గా పనికొస్తారో లేదో చూసే ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే, పోతే మళ్లీ లేదు. పైలట్ కాకపోయినా, విమానంలో కూర్చుని దారి, రాడార్, ఆయుధాలు చూసే అబ్జర్వర్ కూడా నేవల్ ఏవియేషన్ ఆఫీసరే, వాళ్లూ పై ర్యాంకులకు వెళ్తారు.

ర్యాంకు సంగతి ఓపికగా చూడాలి. కమాండర్ దాకా సర్వీసు ఏళ్లను బట్టి, సుమారు 13 ఏళ్లకు వస్తుంది. ఆపైన కెప్టెన్, కమొడోర్ కావాలంటే బోర్డు ఎంపిక చేయాలి, అక్కడ చాలామంది ఆగిపోతారు.

మెడికల్‌లో పైలట్‌కు ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లుండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి. పళ్లకు 14 డెంటల్ పాయింట్లు కావాలి, అది గట్టిగా పనిచేసే పళ్ల లెక్క. ఫ్లోరైడ్ ఎముకలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, పరీక్ష దాకా ఆగకుండా ఇప్పుడే నల్గొండలో పంటి డాక్టరుకు, కీళ్లూ ఎముకలూ చూసే డాక్టరుకు చూపించండి.

వేసవి సెలవుల్లో నల్గొండలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముగ్గురూ వెళ్లండి. ఆర్కే బీచ్‌లో నేవీ 29 ఏళ్లు నడిపిన టీయూ-142 విమానం పెట్టారు, లోపలికెళ్లి చూడొచ్చు. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండమ్మా.